నేల పేరు చెప్పిన సినిమాలు

గ్రీసులో పుట్టి, పారిస్‌లో పెరిగి, అల్జీర్స్‌లో తెరకెక్కిన ఒక ఫ్రెంచి సినిమా. మెదక్ పల్లెలో తీసిన ఒక తెలుగు సినిమా. రెండూ రాజకీయ నవలల్లోంచి వచ్చినవే. సెజ్ భూముల మధ్య అచ్యుతాపురంలో కూర్చుని చూస్తే ఆ రెండూ మన గురించే మాట్లాడుతున్నట్టుంటాయి.

గుండె మీద పతకాల వరస తళతళలాడుతుండగా ఒక పెద్ద పోలీసు అధికారి మేజిస్ట్రేటు ఎదురుగా కూర్చుంటాడు. పేరేమిటి, ఉద్యోగమేమిటి అని మేజిస్ట్రేటు మామూలు గొంతుతో అడుగుతాడు. అడిగి, మీ మీద నేరం మోపుతున్నానంటాడు. గుమాస్తా టైపు మిషను టకటకా కొట్టుకుంటూ పోతుంది. అధికారి ఒంటికాలి మీద లేస్తాడు, బెదిరిస్తాడు, విసురుగా బయటికొచ్చి మొదట కనిపించిన తలుపు పట్టుకుని లాగుతాడు. అది తాళం వేసిన తలుపు. విలేఖరుల మధ్యలోంచి నడిచి వెళ్లడం తప్ప ఇంకో దారి లేదు. ఆయన వెళ్లగానే ఇంకో అధికారి వస్తాడు. అదే కుర్చీ, అవే ప్రశ్నలు, అదే టైపు చప్పుడు, చివరికి అదే తలుపు.

కోస్టా గావ్రాస్ 1969లో తీసిన ‘జెడ్’ సినిమాలో ఈ ఘట్టం చూస్తున్నంతసేపూ నాకు మన విశాఖ వకీలు, కథకుడు రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి) గుర్తొస్తారు. సాక్షిని ఎలా తిప్పుతారో, కాగితం మీద నిజం ఎలా వంకర పోతుందో, అధికారం ముందు కోర్టు గుమ్మం ఎంత పొట్టిదవుతుందో రావిశాస్త్రి కథలు చదివిన తెలుగువాడికి ఆ మేజిస్ట్రేటు గది కొత్త చోటు కాదు. తేడా ఏమిటంటే ఆ గదిలో కాసేపైనా పెద్దవాళ్లు నిలబడి పేరు చెప్పుకోవలసి వచ్చింది.

కథకు మూలం జరిగిన సంగతే. గ్రిగోరిస్ లాంబ్రాకిస్ గ్రీసు పార్లమెంటు సభ్యుడు, వైద్యుడు, యుద్ధాలు వద్దని తిరిగినవాడు. 1963 మే 22 రాత్రి థెస్సలొనీకి నగరంలో సభ ముగించుకుని రోడ్డు దాటుతుంటే ఒక మూడు చక్రాల బండి దూసుకొచ్చింది. అందులోని మనిషి ఆయన తల మీద కర్రతో కొట్టాడు. చుట్టూ పోలీసులున్నారు. ఐదు రోజులకు ఆయన చనిపోయారు. ముందు దాన్ని రోడ్డు ప్రమాదమన్నారు. క్రిస్టోస్ సార్జెటాకిస్ అనే యువ మేజిస్ట్రేటు ఒత్తిళ్లకు లొంగకుండా తవ్వుకుంటూ పోతే పోలీసు పెద్దల చేతులు బయటపడ్డాయి. వాసిలిస్ వాసిలికోస్ దీన్ని 1966లో నవల చేశాడు. మరుసటి ఏడాది ఏప్రిల్ 21న సైన్యాధికారులు గ్రీసును చేజిక్కించుకున్నారు. నవలను నిషేధించారు.

ఇక ఆ సినిమాను గ్రీసులో తీసే దారే లేదు. దర్శకుడు పారిస్‌లో స్థిరపడిన గ్రీకువాడు. స్క్రీన్‌ప్లే రాసిన హోర్హే సెంప్రూన్ స్పెయిన్ అంతర్యుద్ధం మొదలయ్యాక దేశం విడిచి వచ్చినవాడు. సంగీతం మికిస్ థియోడొరాకిస్‌ది, ఆయన అప్పటికి సైనిక ప్రభుత్వం నిర్బంధంలో ఉన్నాడు. నాయకుడిగా ఈవ్ మోంతాన్, మేజిస్ట్రేటుగా జాన్ లూయీ త్రంతిన్యా, నాయకుడి భార్యగా గ్రీకు నటి ఇరీన్ పాపాస్. అల్జీరియా చోటిస్తే అల్జీర్స్ వీధుల్లో తీశారు. ఆస్కార్లలో ఉత్తమ విదేశీ భాషా చిత్రం బహుమతి కూడా అల్జీరియా పేరు మీదే వచ్చింది. సొంత ఊళ్లో చెప్పనివ్వని కథను ఊరు పోగొట్టుకున్నవాళ్లంతా పరాయి ఊళ్లో కలిసి చెప్పుకున్నారు. సార్జెటాకిస్‌ను సైనిక ప్రభుత్వం కొలువులోంచి తీసేసి జైల్లో పెట్టింది. నియంతృత్వం పోయాక, 1985లో, ఆయనే గ్రీసు అధ్యక్షుడయ్యారు.

మన సినిమాలు మొదలవ్వగానే ఒక అట్ట పడుతుంది కదా, ఇందులోని పాత్రలు, సంఘటనలు కేవలం కల్పితాలని. ‘జెడ్’ మొదట్లోనూ అలాంటి అట్ట పడుతుంది. పోలికలు కనిపిస్తే అవి కావాలని పెట్టినవేనని అందులో ఉంటుంది. కింద దర్శకుడి పేరు, రచయిత పేరు. ఏ రాజకీయ నవలనైనా తెరకెక్కించాలనుకునేవాడు ముందుగా తేల్చుకోవలసింది ఇదేనని నా నమ్మకం. ఆ అట్ట మీద ఏం రాస్తాడన్నది ఖాయమయ్యాకే నటులు, కెమెరా, పాటలు.

సెజ్ దాకా వచ్చిన కథ

వాసిలికోస్ నవల అక్కడితో ఆగలేదు. దిబాకర్ బెనర్జీ దాన్నే తీసుకుని 2012లో హిందీలో ‘షాంఘై’ తీశాడు. గ్రీసులో శాంతి ఉద్యమం ఉన్న చోట మన దేశంలో ఏం పెట్టాలి? దర్శకుడు భూమిని పెట్టాడు. భారత్‌నగర్ అనే ఊరు. అక్కడ పేదల వాడలు లేపేసి అంతర్జాతీయ బిజినెస్ పార్కు కట్టబోతున్నారు. దానికి అడ్డు చెప్పడానికి వచ్చిన డాక్టర్ అహ్మదీని లారీతో గుద్దిస్తారు. విచారణ బాధ్యత ఒక ఐఏఎస్ అధికారి మీద పడుతుంది. పార్టీ కార్యకర్తలు ఒకరికొకరు ఎదురైతే దండం పెట్టడానికి బదులు ‘జై ప్రగతి’ అంటారు. విచారణ ఎంత దూరం వెళ్లినా, కుర్చీల్లో ఎవరు మారినా, పార్కు పని మాత్రం ఆగదు.

ఇక్కడ, అచ్యుతాపురం జంక్షన్‌లో నిలబడితే ‘షాంఘై’ పరాయి కథ అనిపించదు. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్న మండలం ఇది. ఒక పక్క కొండకర్ల ఆవ, ఇంకో పక్క పూడిమడక తీరం. ఈ మండలంలోనూ, ఆనుకుని ఉన్న రాంబిల్లిలోనూ ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్) కోసం వేల ఎకరాలు తీసుకున్నారు. జీడిమామిడి, కొబ్బరి, సరుగుడు తోటలున్న చోట ప్రహరీ గోడలు లేచాయి. వెయ్యి ఎకరాల దుస్తుల పార్కులోకి చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు తెల్లవారకుండానే కంపెనీ బస్సుల్లో వెళతారు. చాలా ఇళ్లలో అదే మొదటి నెలజీతం. ఆ జీతం విలువ ఆ ఇళ్లకు తెలుసు, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఆ పార్కులోనే 2022లో, జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి విషవాయువు పీల్చి వందల మంది ఆడపిల్లలు వాంతులతో, తలతిరుగుడుతో ఆసుపత్రుల పాలయ్యారు. 2024 ఆగస్టు 21న సెజ్‌లోని ఒక ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు.

భూమి పోయిన ఇంట్లో మాటలు వినాలి. ‘మాది జిరాయితీ’, ‘వాళ్లది డి-పట్టా’, ‘పట్టా లేదు గానీ తాతల నుంచీ ఎంజాయ్‌మెంట్ మాదే’. సొంత పట్టా భూమి జిరాయితీ, సర్కారు పంచిన భూమి డి-పట్టా. నేల ఒకటే, పండే పంట ఒకటే. కాగితాన్ని బట్టి పరిహారం. మేజరు కొడుకుకు ప్యాకేజీ ఉందా, కట్‌ఆఫ్ తేదీ నాటికి వాడికి పద్దెనిమిది నిండాయా, పెళ్లయిన కూతురి పేరు జాబితాలో ఎందుకు లేదు. అన్నదమ్ములు మాటలు మానుకున్నది వీటి దగ్గరే. దేశంలో కొత్త భూసేకరణ చట్టం 2014 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అంతవరకూ నడిచింది తెల్లవాళ్లు 1894లో రాసిన చట్టమే. ఊరు ఒప్పుకుందా లేదా అన్నది దానికి అక్కర్లేదు. నిర్వాసిత కాలనీలో ఇల్లు పక్కాదే, వీధి వెడల్పే. గేదెను కట్టేసే చోటు మాత్రం ఉండదు. ఒక నవలకు ఇంతకంటే సామగ్రి ఏం కావాలి?

పరాయివాళ్లు తీసిన మన సినిమా

తెలుగులో రాజకీయ నవల సినిమాగా నిలబడ్డదంటే ముందు చెప్పుకోవలసింది ‘మా భూమి’. అది ‘జెడ్’ లాగానే ఎన్నో చేతులు కలిసిన పని. నవల ఉర్దూలో ఉంది. పేరు ‘జబ్ ఖేత్ జాగే’, రాసినది కిషన్ చందర్. దర్శకుడు బెంగాలీ యువకుడు గౌతం ఘోష్, అంతకుముందు ‘హంగ్రీ ఆటమ్’ అనే డాక్యుమెంటరీతో పేరు తెచ్చుకున్నాడు గానీ కథాచిత్రం ఇదే మొదటిది. నిర్మాతలు బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్. నర్సింగరావు చిత్రకారుడు, మెదక్ జిల్లా మనిషి. కళా దర్శకత్వంలో తోట వైకుంఠం చెయ్యి ఉంది. తెలంగాణ ఆడవాళ్ల బొట్టునూ రంగులనూ ఆ తరవాత దేశమంతటికీ చూపించిన వైకుంఠమే.

ఒక పొరపాటు చాలామందిలో ఉంది, సరిచేయాలి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మా భూమి’ నాటకం వేరు. ప్రజానాట్యమండలి దళాలు 1947 నుంచి కోస్తా ఊళ్లలో ఆ నాటకం ఆడాయి. చూసి జనం ఊగిపోతున్నారని మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. సినిమాకు పేరు కలిసింది గానీ కథ కిషన్ చందర్‌ది. అయినా ఆ పేరు తెర మీద పడగానే కోస్తావాళ్లకు పాత జ్ఞాపకం కదిలి ఉంటుందంటే నమ్ముతాను.

నవలలో రాఘవరావు అనే పడుచు కూలీ ఉరికంబం ఎక్కబోయే ముందు రాత్రి తన బతుకును తలచుకుంటాడు. జైలు గోడల మధ్య ఒక్కరాత్రి. చదవడానికి బలమైన కట్టుబడి. సినిమా ఆ కట్టుబడిని వదిలేసింది. రాఘవరావు రామయ్య అయ్యాడు, తలపోతలు పోయి ఊరు వచ్చింది. దొర గడీ, వెట్టి, రామయ్య మనసిచ్చిన, గడీకి వెళ్లక తప్పని చంద్రి. మనసు విరిగిన రామయ్య హైదరాబాదు పోయి రిక్షా తొక్కుతాడు, మిల్లు పనివాళ్లలో కలుస్తాడు, మక్బూల్ అనే కమ్యూనిస్టు దగ్గర అక్షరాలూ రాజకీయమూ నేర్చుకుంటాడు. తిరిగి ఊరికొచ్చేసరికి సంఘం లేచి ఉంది. భూములు పంచుకుంటారు, రజాకార్లను ఎదుర్కొంటారు. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోతాడు. ఆ వెంటనే సినిమాలో అతి ముఖ్యమైన సంగతి జరుగుతుంది. పారిపోయిన దొర ఖద్దరు కట్టుకుని సైన్యం వెనకాలే ఊళ్లోకి వస్తాడు. పంచిన భూములు వెనక్కి పోతాయి.

ఉరి ముందు రాత్రిని వదులుకోవడం పెద్ద నిర్ణయమని నాకనిపిస్తుంది. ఒక వీరుడి త్యాగంగా ఉన్న కథ ఊరి చరిత్రగా మారింది దానివల్లే. తెలంగాణ రైతాంగ పోరాటం 1946 నుంచి 1951 దాకా నడిచింది. కమ్యూనిస్టు పార్టీ లెక్కలో మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది అమరులు. అంత పెద్ద సంగతిని ఒక్క మనిషి తలలో ఇరికించడం కుదరదు. రామయ్య తెర మధ్యలో ఉన్నా అతని చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు. సంఘంలో మాట అతనొక్కడిదే కాదు.

రామయ్యగా నటించినది సాయిచంద్. ‘అసమర్థుని జీవయాత్ర’ రాసిన త్రిపురనేని గోపీచంద్ కొడుకు. ఈ తరం పిల్లలకు ‘ఫిదా’లో నాయిక తండ్రి. తరవాత ఇంటింటా తెలిసిన తెలంగాణ శకుంతల మొదటి సినిమా కూడా ఇదే. వీళ్లకు తోడు మెదక్ జిల్లా మంగళ్‌పర్తి ఊరూ, ఆ ఊరి మనుషులూ. ముఖాలకు రంగు లేదు. సంభాషణలు నాటకం పలుకుల్లా రావు, పనిచేసుకుంటూ అనుకునే మాటల్లా వస్తాయి. పోరాటం ముగిసి అప్పటికి ముప్పై ఏళ్లు కాలేదు. ఆ ఊళ్లలో దాన్ని కళ్లారా చూసినవాళ్లు ఇంకా పొలం వెళుతున్న రోజులవి. బెంగాలీ దర్శకుడికి తెలుగు రాకపోవడం లోటు కాలేదంటే, చుట్టూ ఉన్నవాళ్లు చెప్పేదాన్ని అతను విన్నాడు గనకే.

గాయకుడు గద్దర్ తెర మీదికి వచ్చే చోటు చెప్పకుండా ఈ సినిమా గురించి రాయలేం. గొంగడి, చేతిలో కర్ర, ‘బండెనక బండి’ పాట. పోరాట కాలంలో యాదగిరి కట్టిన పాట అది. సుద్దాల హనుమంతు రాసిన ‘పల్లెటూరి పిల్లగాడ’ కూడా పోరాటంలో పుట్టినదే. వింజమూరి సీతాదేవి సంగీతం వాటిని సినిమా పాటలుగా మార్చేయలేదు, జనం పాడుకున్నట్టే ఉంచింది. ‘మా భూమి’ 1980 మార్చి 23న, భగత్‌సింగ్‌ను ఉరితీసిన రోజున, విడుదలైంది. హైదరాబాదులో ఉదయం ఆటలుగా నెలల తరబడి ఆడింది. పెద్ద హీరో లేడు, డ్యూయెట్ లేదు, ఫైట్ మాస్టర్ లేడు. పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చి చూశారని పెద్దలు ఇప్పటికీ చెబుతారు.

ఈ సినిమాకు లోపాలు లేవనను. రెండో సగం తొందర తొందరగా పోతుంది. చంద్రి లాంటి మనిషిని అంత బలంగా పరిచయం చేసి మధ్యలో వదిలేశారు, అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆడవాళ్లకు రావలసిన బాకీని నర్సింగరావు ఎనిమిదేళ్ల తరవాత ‘దాసి’లో తీర్చారు. గడీలో ఒక ఆడబాపను మాటలు దాదాపు లేకుండా చూపిన ఆ సినిమా ఇంకో పెద్ద వ్యాసానికి సరిపడే విషయం.

విశాఖ అడిగిన ప్రశ్న

ఉత్తరాంధ్రకు రాజకీయ సాహిత్య సంప్రదాయం పరాయిది కాదు. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరుగుతుంటే, మీరు ఎటువైపు ఉన్నారని రచయితలను నిలదీస్తూ ‘విశాఖ విద్యార్థులు’ పేరుతో కరపత్రం వచ్చింది. శ్రీకాకుళం కొండల్లో గిరిజనులు కాల్పుల్లో పోతున్న రోజులు. ఆ ప్రశ్నకు జవాబుగా అదే ఏడాది జూలై 4న విప్లవ రచయితల సంఘం పుట్టింది. తెలుగు సాహిత్యం మలుపు తిరిగిన ఆ సంగతికి మొదలు మన ఊళ్లో పంచిన ఒక కాగితం. భూషణం, అట్టాడ అప్పల్నాయుడు లాంటివాళ్లు ఈ నేల గురించి ఎన్నో కథలు రాశారు.

తెర దగ్గరికొచ్చేసరికి మాత్రం విశాఖ అంటే బీచ్ రోడ్డు, భీమిలి మలుపులు, అరకు పొగమంచు. భూమి పోయిన రైతు కథ పెద్ద సినిమాలకు తెలియనిదేమీ కాదు. ‘ఖైదీ నంబర్ 150’లో ఉంది, ‘మహర్షి’లో ఉంది. వాటిని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్న రైతులున్నారు, ఆ కన్నీళ్లు నిజమైనవే. అయితే అక్కడ ఊరు కాపాడబడుతుంది. బయటినుంచి ఒక్కడు వస్తాడు, పోరాడతాడు, గెలుస్తాడు, రైతులు చప్పట్లు కొడతారు. కంపెనీకి కల్పిత పేరు, ఊరికి కల్పిత పేరు, కలెక్టరు ఎవరో ఎవరికీ తెలియదు. ‘జెడ్’లో నాయకుడు సినిమా సగం కాకముందే పోతాడు. మిగతా కథంతా సాక్షులది, ఫోటోగ్రాఫరుది, గుమాస్తాది, మేజిస్ట్రేటుది. ‘మా భూమి’లో గెలుపు వచ్చినట్టే వచ్చి చేజారుతుంది. ఆ రెండు సినిమాలూ ప్రేక్షకుడిని ఇంటికి ప్రశాంతంగా పంపలేదు గనకే ఇన్నేళ్లు బతికాయి.

మనవాళ్లకు చేతకాదని మాత్రం అనొద్దు. వెంకటేష్ మహా 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ తీసినప్పుడు ఆ పేట మనుషులనే నటులుగా పెట్టుకున్నాడు. అటెండరు, బొమ్మలు చేసేవాడు, వైన్‌షాపులో పనిచేసేవాడు, అందరూ మన యాసలోనే మాట్లాడారు, అసలు పేరుతోనే ఉన్న పేటలో తిరిగారు. రాష్ట్రమంతా చూసి మెచ్చుకుంది. కరుణ కుమార్ 2020లో ‘పలాస 1978’లో శ్రీకాకుళం కులాన్ని, జీడిపప్పు బట్టీలను, రాజకీయాన్ని పేరుపెట్టి చూపించాడు. నటులున్నారు, యాస ఉంది, కెమెరా ఇవాళ కుర్రాళ్ల జేబుల్లో ఉంది. కావలసింది ముందు పుస్తకం. పరిహారం ఫైళ్లు చదివిన, కాలనీ అరుగుల మీద కూర్చున్న, పేలుడు తరవాత మార్చురీ బయట నిలబడ్డ మనిషి రాసిన పుస్తకం. వాసిలికోస్ కోర్టు కాగితాలు, సాక్షుల వాంగ్మూలాలు దగ్గర పెట్టుకునే నవల రాశాడు. మన దగ్గర భూసేకరణ నోటిఫికేషన్లున్నాయి, గ్రామసభ తీర్మానాలున్నాయి, హైకోర్టు రిట్లున్నాయి, పేలుళ్ల మీద విచారణ కమిటీ నివేదికలున్నాయి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే చేతికొచ్చేవి ఇందులో చాలా ఉన్నాయి.

ఆ నవలలో కంపెనీకి వెళ్లే ఆడపిల్ల ఉండాలి. ఆ పిల్ల నాన్నకు తన జిరాయితీ మీదే లేచిన ప్రహరీ పక్కన సెక్యూరిటీ గార్డు ఉద్యోగం దొరికి ఉండాలి. డి-పట్టా కాగితం పట్టుకుని తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగిన పెదనాన్న ఉండాలి. వేట తగ్గిపోయిన పూడిమడక మేనమామ ఉండాలి. ప్యాకేజీ ఇప్పిస్తానని కమీషన్ తిన్న ఊరి నాయకుడూ ఉండాలి, అతనూ వీళ్లకు చుట్టమే అయి ఉండాలి. దీన్ని ఒక్కవైపు నుంచే రాస్తే కుదరదు. సెజ్ రాకపోతే చెన్నైకో, హైదరాబాదుకో వలసపోయి మేస్త్రీ దగ్గర ఇటుకలు మోసేవాళ్లమని చెప్పే కుర్రాడికీ అందులో చోటుండాలి. అతని మాట కూడా నిజమే.

పల్లెల్లో గ్రంథాలయం ఉన్నచోట, యువజన సంఘం ఉన్నచోట, ఒక ఆదివారం సాయంత్రం ‘మా భూమి’ వేయండి. మరో వారం ‘షాంఘై’ వేయండి, హిందీ అర్థమయ్యే పిల్లలు పెద్దలకు చెబుతారు. ‘జెడ్’ వేస్తే పక్కన కూర్చుని సబ్‌టైటిళ్లు చదివిపెట్టే ఒక డిగ్రీ పిల్లో పిల్లాడో చాలు. ఆట అయిపోయాక లైట్లు వేసి, భూమి పోయినవాళ్లను మాట్లాడనివ్వండి. వాళ్లు చెప్పేది ఎవరైనా రాసుకోండి. తేదీలు, సర్వే నంబర్లు, ఊళ్ల పేర్లు, ఎవరెవరు ఏ ఏ మాట ఇచ్చారో అన్నీ రాసుకోండి.